ఏడు ఊళ్లు అయ్యాయి, ఎనిమిదోది ఎక్కడ?

మూటాముల్లె
శనివారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేదాన్నే, రాయడం ఇదే మొదలు. కాస్త పెద్దదవుతుంది, ఓపిక చేసుకోండి.

ప్రభుత్వ రంగ బ్యాంకులో ఆఫీసర్‌ని. 2006లో కరీంనగర్‌లో చేరాను. తర్వాత వరసగా గుంటూరు, బరంపురం, చెన్నై, హైదరాబాద్, హుబ్బళ్లి, ఇప్పుడు నాగ్‌పూర్. మొన్న ఎల్‌ఎఫ్‌సి (సెలవు ప్రయాణ ఖర్చుల) బిల్లు పెడుతుంటే నా వివరాల్లో "సొంత ఊరు: పాలకొల్లు" అని కనిపించింది. చేరిన రోజున నేను నింపిందే. నాన్న పోయాక అన్నయ్యలు 2017లో ఆ ఇల్లు అమ్మేశారు. ఇప్పుడు పాలకొల్లు వెళితే లాడ్జిలో దిగాలి. అయినా బ్యాంకు లెక్కలో నా ఊరు అదే.

మా ఆయన ఇంటర్ కాలేజీల్లో లెక్కలు చెబుతారు. నాకు ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చినప్పుడల్లా ఆయన రాజీనామా రాస్తారు. కొత్త ఊళ్లో మళ్లీ జూనియర్ లెక్చరర్‌గా మొదలు. హుబ్బళ్లిలో ఏడాది ఖాళీగానే ఉన్నారు. ఒక్కసారి కూడా పైకి అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

పాప పుట్టింది బరంపురంలో, మాటలు వచ్చింది చెన్నైలో, ఒకటో తరగతిలో చేరింది హైదరాబాద్‌లో. కేంద్రీయ విద్యాలయం కాబట్టి బడి మారడం పెద్ద కష్టం కాలేదు. కానీ ఎవరైనా "మీదే ఊరు పాపా" అంటే నా మొహం చూస్తుంది. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు.

ఈ ఏప్రిల్‌కి తొమ్మిదిలోకి వస్తుంది. ఇక ఎక్కడో ఒకచోట ఆగాలని నిర్ణయించుకున్నాం. ఆ ఒకచోటు ఏదన్నదే తేలడం లేదు. హైదరాబాద్ నిజాంపేటలో 2019లో ఫ్లాట్ కొన్నాం, నాలుగో అంతస్తు, అద్దెకిచ్చాం, లోన్ నడుస్తోంది. ఆయన స్నేహితులు విజయవాడ రమ్మంటున్నారు, కాలేజీ ఉద్యోగం ఖాయమట. నాకేమో వైజాగ్ అంటే ఇష్టం, ఎందుకని అడిగితే మాత్రం సమాధానం లేదు.

మీలో ఇలా తిరిగి తిరిగి ఆగినవాళ్లు ఉంటే, ఎలా ఆగారో చెప్పండి.


చింతల్ చిన్నోడు
శనివారం, రాత్రి 10:31

అక్కా, ఇందులో అడిగేదేముంది? సొంత ఫ్లాట్ ఉంది. కిరాయిదారుకు రెండు నెలల నోటీసు ఇయ్యి, సామాను దించు, అయిపాయె. పక్కనే బాచుపల్లి, అక్కడ ఉన్నన్ని ఇంటర్ కాలేజీలు ఇంకెక్కడ లేవు. బావగారికి లెక్కల లెక్చరర్ ఉద్యోగం పిలిచి ఇస్తరు.

మైనస్ చెప్పమంటే ఎండాకాలం నీళ్లు. అపార్ట్‌మెంట్ బోరు ఎండితే ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్స్‌లో కలుస్తది. ఆ ఒక్కటి చూస్కో.


బెజవాడ బాబాయి
శనివారం, రాత్రి 11:05

అమ్మాయీ, నేను లోకో పైలట్‌గా రిటైరయ్యాను. పుట్టింది ఖరగ్‌పూర్‌లో. మా తాత బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో విజయనగరం వైపు నుంచి అక్కడికి వెళ్లాడు. ఆ ఊళ్లో ఇప్పటికీ తెలుగు వీధులు ఉన్నాయి. నేను బిట్రగుంట, కాజీపేట, బెజవాడ చూశాను. సర్వీసులో సగం రాత్రులు రన్నింగ్ రూముల్లోనే పడుకున్నాను. కాబట్టి నీ బాధ నాకు తెలుసు.

రిటైరయ్యాక బెజవాడలో ఆగాను. కారణం ఒక్కటే. ఇక్కడి నుంచి రైలు అన్ని వైపులకీ ఉంది. మద్రాసుకి, కాజీపేట మీదుగా ఢిల్లీకి, విశాఖపట్నానికి, గుంటూరుకి, గుడివాడకి. పిల్లలు నాలుగు దిక్కుల్లో ఉన్నవాడు జంక్షన్‌లో కూర్చోవాలి, ఎవరి దగ్గరికైనా ఒకే రాత్రిలో చేరుకుంటాడు.


బీచ్ రోడ్డు
ఆదివారం, ఉదయం 7:20

బాబాయి గారూ, మే నెలలో మీ ఊళ్లో మధ్యాహ్నం రెండింటికి బయటికొచ్చి ఇదే మాట మళ్లీ చెప్పండి.

మూటాముల్లె గారూ, వైజాగ్ ఎందుకిష్టమో నేను చెబుతాను. సాయంత్రం డబ్బు ఖర్చు పెట్టకుండా కుటుంబమంతా వెళ్లి కూర్చునే చోటు ఒకటి ఉంది కాబట్టి. మిగతా ఊళ్లలో మాల్‌కి పోవాలి. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార వైపు అద్దెలు ఎక్కువే కానీ దొరుకుతాయి. నిజం కూడా చెప్పాలిగా: చెమట భయంకరం, ఇనుప సామాను తుప్పు పడుతుంది, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు మా ఇంటి తలుపు పట్టుకుని ముగ్గురం నిలబడ్డాం. ఆ తర్వాత కూడా ఊరు వదలాలని అనిపించలేదు.


బెజవాడ బాబాయి
ఆదివారం, ఉదయం 7:44

ఎండకి నీడుంది. చెమటకి ఏముందయ్యా?


బీచ్ రోడ్డు
ఆదివారం, ఉదయం 7:46

గాలి ఉంది సార్. మీకు అదీ లేదు.


చింతల్ చిన్నోడు
ఆదివారం, ఉదయం 8:02

మీ ఇద్దరి కొట్లాట చూస్తుంటే హైదరాబాదే నయమనిపిస్తుంది ఎవరికైనా 😀


మోడరేటర్
ఆదివారం, ఉదయం 9:15

ఏ ఊరు గొప్ప అన్న పోటీకి వేరే చర్చ ఉంది, అక్కడ ఇప్పటికే 400 పోస్టులు నడుస్తున్నాయి. ఇక్కడ ఆవిడ అడిగిన దానికి చెప్పండి.


సర్క్యులర్ సుబ్బమ్మ
ఆదివారం, ఉదయం 11:30

కేంద్ర ప్రభుత్వ శాఖలో ముప్పై ఏళ్లు ఫైళ్లు చూసినదాన్ని. ఊరి అందచందాలు మిగతావాళ్లు చెబుతారు, నేను కాగితాల మాట చెబుతాను.

పాప తొమ్మిదిలోకి వస్తోందన్నారు. మీ తొందరకి అసలు కారణం అదే అయి ఉండాలి, మీరు గమనించారో లేదో. రాజ్యాంగంలోని 371డి అధికరణ, దాని కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల వల్ల రెండు రాష్ట్రాల్లోనూ ప్రొఫెషనల్ కోర్సుల్లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లవి. లోకల్ అనిపించుకోవడానికి ప్రధానమైన లెక్క, ఇంటర్‌తో ముగిసే వరస నాలుగేళ్లు అక్కడే చదివి ఉండటం. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. తెలంగాణ మెడికల్ సీట్ల విషయంలో 2024 నుంచి దీని మీద ఎంత గొడవ జరిగిందో పేపర్లలో చూసే ఉంటారు. తల్లిదండ్రుల పదేళ్ల నివాసం లాంటి దారులు మిగతా 15 శాతంలో ఉన్నాయి గానీ అవి సన్నటి సందులు. పాప చిన్న తరగతులు హైదరాబాద్‌లో చదివిందన్నది ఈ లెక్కలో అక్కరకు రాదు.

కేంద్రం నడిపే ఇంజినీరింగ్ కాలేజీలు, ఎన్‌ఐటీల సంగతి వేరు. అక్కడ సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకి, సొంత రాష్ట్రమంటే పన్నెండో తరగతి పాసైన రాష్ట్రం. నాగ్‌పూర్‌లోనే పాసైతే పాప మహారాష్ట్ర పిల్ల. తెలంగాణలో అయితే వరంగల్, ఆంధ్రలో అయితే తాడేపల్లిగూడెం.

కాబట్టి మీ ప్రశ్న ఒకటి కాదు, రెండు. వచ్చే నాలుగేళ్లు పాప ఏ రాష్ట్రంలో చదవాలి? మీరు ముసలితనం ఎక్కడ గడపాలి? మొదటిదానికి గడువు ఏప్రిల్. రెండోదానికి ఇంకా పదిహేనేళ్లుంది. రెండూ ఒకే మూటలో కట్టి మోస్తున్నారు, అందుకే బరువు.

ఇంకొకటి. మీ పోస్టులో మీ ఆయన, పాప, అన్నయ్యలు, ఆయన స్నేహితులు అందరూ ఉన్నారు. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా?


మూటాముల్లె
ఆదివారం, మధ్యాహ్నం 2:10

సుబ్బమ్మ గారూ, ఎన్‌ఐటీ సంగతి నాకు నిజంగా తెలియదు. లోకల్ గురించి తెలుసు గానీ "చూద్దాంలే" అని పక్కన పెట్టాను.

ఉన్నారు. మా అత్తయ్య గారు, 74 ఏళ్లు. కొవ్వూరు ఆవిడది. మావయ్య గారు పోయాక ఆ ఇల్లు అమ్మి మా దగ్గరికి వచ్చేశారు, చెన్నై నుంచీ మాతోనే ఉన్నారు. ఆవిడ ఏ ఊరికైనా సర్దుకుపోతారు, అందుకే రాయలేదు.

రాసిన తర్వాత ఈ వాక్యం నాకే బాగా అనిపించలేదు. ఉంచేస్తున్నాను.


షోలాపూర్ మగ్గం
ఆదివారం, సాయంత్రం 6:40

మీరు ఉద్యోగం కోసం తిరిగారు, మావాళ్లు నేత కోసం పోయారు. మా ముత్తాత కరీంనగర్ జిల్లా నుంచి షోలాపూర్ వచ్చాడు. చద్దర్లు, తువ్వాళ్ల మగ్గాలు. ఊరికి తూర్పు వైపున పద్మశాలి పేటల్లో ఇప్పటికీ ఇంట్లో తెలుగే. శ్రావణ పౌర్ణమికి మార్కండేయ రథం తీస్తాం, ఆ రోజు వీధిలో మరాఠీ కంటే తెలుగే ఎక్కువ వినపడుతుంది. భివండీ, సూరత్‌లో కూడా మా చుట్టాలున్నారు.

2011లో నాన్నకి సొంత ఊరు వెళ్లాలని పట్టుకుంది. ఇల్లు అమ్మి సిరిసిల్ల వెళ్లాం. అక్కడ మమ్మల్ని "షోలాపూరోళ్లు" అన్నారు. మా తెలుగు విని నవ్వేవాళ్లు, సగం మరాఠీ అని. ఇక్కడున్నప్పుడు మమ్మల్ని తెలుగోళ్లంటారు, అక్కడికి పోతే మరాఠీవాళ్లన్నారు. మూడేళ్లకి తిరిగి వచ్చేశాం, పాత పేటలోనే అద్దెకి దిగాం. నాన్న దిగగానే సందు చివర టీ కొట్టుకి వెళ్లాడు. కొట్టువాడు ఏమీ అడగకుండా చక్కెర తక్కువ టీ ఇచ్చాడట. ఇంటికొచ్చి ఆ మాట అమ్మకి నాలుగుసార్లు చెప్పాడు.

ఫారంలో రాసిన ఊరిని వెతుక్కుంటూ పోకండి అని మాత్రం చెప్పగలను.


అద్దెకొంప
ఆదివారం, రాత్రి 9:05

నేను సాఫ్ట్‌వేర్, పెళ్లి కాలేదు, నాలుగు ఊళ్లు. సెటిల్ అవ్వడమనే మాట మన ఇళ్లలోనే ఎక్కువ. బెంగళూరులో ఒకప్పుడు పది నెలల అద్దె అడ్వాన్సు అడిగేవాళ్లు, పుణేలో పదకొండు నెలల అగ్రిమెంటు, ప్రతి ఏడాదీ బ్రోకర్‌కి దండం. అయినా హాయిగానే ఉన్నాను.

నా బాధంతా బండితో. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే రిజిస్ట్రేషన్ మార్చాలి. పాత ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ తేవాలి, కొత్త రాష్ట్రంలో మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాలి, పాత రాష్ట్రంలో కట్టిందాంట్లో మిగిలింది వెనక్కి అడుక్కోవాలి. 2021లో బీహెచ్ సిరీస్ (రాష్ట్రం మారినా మార్చక్కర్లేని నంబరు) వచ్చింది, మీలాంటి ప్రభుత్వ రంగ ఉద్యోగులకి బాగా పనికొస్తుంది, పన్ను రెండేళ్లకోసారి కట్టుకుంటూ పోవచ్చు. మీ కారు ఏ నంబరుది?


మూటాముల్లె
ఆదివారం, రాత్రి 9:30

కారు టీఎస్, స్కూటర్ కేఏ, గ్యాస్ కనెక్షన్ నాగ్‌పూర్, ఓటు ఇంకా గుంటూరులో. నవ్వకండి.

గ్యాస్ మాత్రం ప్రతిసారీ సక్రమంగా మార్చాను. సిలిండరు, రెగ్యులేటరు అప్పజెప్పి టెర్మినేషన్ వోచర్ తీసుకోవడం ఐదు ఊళ్లలో చేశాను, నిద్రలో లేపినా చెబుతాను.


తెనాలి టు డల్లాస్
సోమవారం, ఉదయం 6:15

ఇక్కడ నుంచి ఒక మాట. నేనూ హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నాను, 2016లో, అమ్మానాన్న అందులో ఉంటారని. తొమ్మిది నెలలు ఉన్నారు. నాన్నకి లిఫ్ట్ అంటే భయం, కరెంటు పోతే ఆగిపోతుందని. కిందికి దిగడం మానేశాడు. ఒకరోజు ఫోన్‌లో "ఇక్కడ మేడ మీద నుంచి మనుషుల నడినెత్తులే కనపడుతున్నాయిరా" అన్నాడు. తెనాలి తిరిగి వెళ్లిపోయారు. ఫ్లాట్ ఉంది కదా అని నిర్ణయం తీసుకోవద్దు. ఫ్లాట్ అద్దె తెస్తోంది, తేనివ్వండి.

ఇంటి నుంచి అరగంటలో మంచి గుండె డాక్టరు ఉండాలి. నాన్న విషయంలో మేం నేర్చుకున్నది అదొక్కటే. ఎక్కువ రాయను.


సర్క్యులర్ సుబ్బమ్మ
సోమవారం, ఉదయం 10:50

మర్చిపోయాను. మూటాముల్లె గారూ, ఇన్నేళ్లూ మీ వెనక ఆయన వస్తున్నారు కదా. దాన్ని తిప్పి చూడండి. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో పెళ్లయిన మహిళా ఉద్యోగులను భర్త ఉన్న చోటికి, లేదా దానికి దగ్గరగా వేయడానికి వీలైనంతవరకు చూడమని 2014లో ఆర్థిక శాఖ బ్యాంకులకి చెప్పింది. ఆయన ఉద్యోగం ప్రతిసారీ మీ పోస్టింగ్ ఊళ్లోనే ఉంటే మీకు అడగడానికి ఆధారమే ఉండదు. ఆయన ముందు వెళ్లి ఒక చోట చేరితే, ఆయన నియామక పత్రం జతచేసి మీరు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇస్తారని హామీ లేదు, ఖాళీలు చూస్తారు. కానీ అడగనిదానికి ఎవరూ ఇవ్వరు.


మూటాముల్లె
సోమవారం, రాత్రి 11:20

ఈ సంగతి మా యూనియన్ వాళ్లు కూడా ఎప్పుడో అన్నట్టు గుర్తు. నాకు వర్తిస్తుందని తట్టలేదు. ఆయనకి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేను ముందు వెళ్లొచ్చన్నమాట" అన్నారు.

అత్తయ్య గారిని రేపు అడుగుతాను.


బెజవాడ బాబాయి
మంగళవారం, ఉదయం 6:00

అడుగు తల్లీ. మా ఆవిణ్ణి నేను ఎప్పుడూ అడగలేదు. క్వార్టరు నంబరు చెప్పేవాణ్ణి, సామాను సర్దేది.

బెజవాడే అనుకుంటే మాత్రం ఒక జాగ్రత్త. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఇల్లు చూసేటప్పుడు ఓనరుని కాదు, ఎదురింటి వాళ్లని అడుగు, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని. గోడ మీద చేత్తో చూపిస్తారు.


మూటాముల్లె
బుధవారం, రాత్రి 10:40

అడిగాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నిన్న సాయంత్రం ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని, "మీకు ఎక్కడ ఉండాలనుంది" అన్నాను. ముందు "మీరెక్కడుంటే అక్కడ" అన్నారు. ఇన్నేళ్లూ ఆ జవాబు దగ్గరే నేను లేచి వెళ్లిపోయేదాన్ని. ఈసారి కూర్చున్నాను. నేనూ నాలుగు కాయలు తీశాను.

అప్పుడు ఒక్కొక్కటే వచ్చాయి. ప్రతి ఊళ్లో కూరలబండి ఏ వేళకి వస్తుందో, ఏ పక్కింటావిడ పలకరిస్తుందో తెలియడానికి ఏడాది పడుతుందట. తెలిసేసరికి మేం పెట్టెలు దించుతామట. హుబ్బళ్లిలో ఒకావిడతో భాష రాకుండానే స్నేహం కుదిరిందట, ఇద్దరూ కలిసి వత్తులు చేసేవాళ్లట. ఆవిడ పేరు నాకు తెలియదు. మూడేళ్లు అదే ఇంట్లో ఉన్నాను.

చివరికి రెండు కోరికలు చెప్పారు. ఒకటి, పొద్దున్నే తెలుగు పేపరు గుమ్మంలో పడాలి, ఫోన్‌లో కాదు. రెండోది, కింది వాటా ఇల్లు.

రెండోదానికి నేను ఉలిక్కిపడ్డాను. 2015 డిసెంబరులో చెన్నైలో మాది కింది వాటానే. నీళ్లు నడుం దాకా వచ్చాయి. ఆవిణ్ణి, మూడేళ్ల పాపనీ పై వాటా వాళ్లు చీర కట్టి లాగినంత పని చేసి పైకి తీసుకెళ్లారు. ఆ తర్వాత ఏ ఊళ్లోనూ నేను కింది ఇల్లు చూడలేదు, నిజాంపేటలో నాలుగో అంతస్తు కొనడమూ అందుకే. ఆవిడ కోసమే చేస్తున్నాననుకున్నాను. ఆ మాటే అంటే, "నీళ్లు ఒక్కసారి వచ్చాయమ్మా, మెట్లు రోజూ ఉంటాయి" అన్నారు.

"అయితే కొవ్వూరు వెళదామా" అన్నాను. వద్దన్నారు. "అక్కడైతే ఇల్లెందుకు అమ్మారని అందరూ అడుగుతారు. రాజమండ్రిలో ఉంటే చాలు. గట్టున నించుంటే అవతల కొవ్వూరు కనపడుతుంది. అంతకంటే దగ్గరికి నేను రాను."

రాజమండ్రి మా లిస్టులోనే లేదు.


చింతల్ చిన్నోడు
బుధవారం, రాత్రి 10:58

అక్కా నా మాట వెనక్కి తీసుకుంటున్న. పో రాజమండ్రి.


బీచ్ రోడ్డు
గురువారం, ఉదయం 7:10

వైజాగ్‌కి రైల్లో ఒక పూటే. ఆదివారాలు వచ్చేయండి. ఉద్యోగాల సంగతి మాత్రం ముందు చూసుకోండి, మా వారి అన్నగారు ఊరిమీద మోజుతో వెళ్లి రెండేళ్లు ఇబ్బంది పడ్డారు.


అద్దెకొంప
గురువారం, ఉదయం 9:25

పాప ఏమంటోంది? ఆ వయసులో నన్ను ఎవరూ అడగలేదు కాబట్టి అడుగుతున్నా.


మూటాముల్లె
గురువారం, రాత్రి 9:50

పాపకి కోపంగా ఉంది. నాగ్‌పూర్‌లోనే మొదటిసారి ఒక మంచి స్నేహితురాలు దొరికింది. "నాలుగేళ్లు అంటున్నారు, నిజంగా నాలుగేళ్లేనా, లేక మళ్లీ రెండేళ్లకే మారుస్తారా" అని అడిగింది. పాప మట్టుకు మారదని చెప్పాను. నేను మారొచ్చని కూడా చెప్పాను. దాచలేదు. తెలుగు చదవడం నేర్పే బాధ్యత నానమ్మ తీసుకున్నారు, పేపరుతోనే. మొదటి రోజు "వాతావరణం" అన్న మాట దగ్గర ఇద్దరూ పోట్లాడుకున్నారు.

ఆయన రాజమండ్రిలో రెండు కాలేజీలకి వెళ్లి మాట్లాడి వచ్చారు. ఒకచోట డెమో క్లాసు అయింది, సీనియర్ లెక్చరర్‌గా తీసుకుంటామన్నారు. ఇరవై ఏళ్ల అనుభవానికి ఆ మాట ఇప్పుడు వచ్చింది. అక్కడ ఓఎన్‌జీసీ కేంద్రీయ విద్యాలయం ఉంది. గత ఏడేళ్లలో ఎన్ని బదిలీలన్నది ప్రవేశాల్లో లెక్కకొస్తుంది కాబట్టి నా తిరుగుడు ఒక్కసారైనా అక్కరకొచ్చింది. ఆయన నియామక పత్రం చేతికి రాగానే నేను దరఖాస్తు పెడతాను. ఒప్పుకునేదాకా నేనొక్కదాన్నే ఇక్కడ ఒక గదిలో ఉంటాను. కాజీపేట, బెజవాడ మీదుగా రైలు, బాబాయి గారి జంక్షన్ దాటే వెళ్లాలి.

ముసలితనం ఎక్కడన్నది తేల్చలేదు. నిజాంపేట ఫ్లాట్ అలాగే ఉంటుంది.


బెజవాడ బాబాయి
శుక్రవారం, ఉదయం 5:50

బండి ఏ వేళకి వస్తుందో చెప్పు. ఉప్మా, ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని స్టేషన్‌కి వస్తాను. ప్లాట్‌ఫారం నంబరు నాకు చెప్పాల్సిన పని లేదు.


సర్క్యులర్ సుబ్బమ్మ
శుక్రవారం, ఉదయం 11:15

దరఖాస్తులో ఊరి అందం, అత్తగారి గోదావరి రాయకండి. భర్త ఉద్యోగం, పిల్ల చదువు, పెద్దావిడ వయసు, మూడు పేరాలు చాలు. నకలు దగ్గర ఉంచుకోండి.

సొంత ఊరి కాలమ్ కూడా చూసుకోండి. మా శాఖలో ఎల్‌టీసీ (మీ ఎల్‌ఎఫ్‌సి లాంటిదే) సొంత ఊరు సర్వీసు మొత్తంలో ఒక్కసారే మార్చుకోనిచ్చేవారు. మీ దగ్గర రూలు ఏమిటో కనుక్కుని, తొందరపడకుండా వాడుకోండి.


మూటాముల్లె
ఆదివారం, సాయంత్రం 5:30

ఆ కాలమ్ ఇప్పుడే మార్చను సుబ్బమ్మ గారూ. పాలకొల్లు అని ఉంటే ఉండనివ్వండి.

ఇల్లు దొరికింది, దానవాయిపేట వైపు. కింది వాటానే, కానీ వీధికంటే నాలుగు మెట్లు ఎత్తు. నాకోసం ఆ మెట్లు, ఆవిడకోసం కింది వాటా, అలా రాజీకొచ్చాం. ఎదురింటి వాళ్లని కూడా అడిగించాను బాబాయి గారూ, వాన పడితే వీధిలో నీళ్లు ఆగుతాయట గానీ మెట్టు ఎక్కలేదట.

మా ఇంట్లో ఒక ట్రంకు పెట్టె నిండా కర్టెన్లు ఉన్నాయి, ఏడు ఊళ్లవీ. ఏ ఇంటి కిటికీ ఇంకో ఇంటి కర్టెన్‌కి సరిపోదు, పారేయడానికి చేతులు రావు. కొత్త ఇంటి ఓనరు గారి అమ్మాయి కిటికీల కొలతలు వాట్సాప్‌లో పంపింది. అత్తయ్య గారు అప్పుడే పెట్టె తెరిచి, టేపు మెడలో వేసుకుని కూర్చున్నారు. బరంపురంవి హాల్లోకి సరిపోతాయంటున్నారు, అంచు కాస్త విప్పితే.